ఇంగ్లీషు జాతీయం అర్థం తెలిసినా వాక్యం ఎందుకు తప్పుతోంది?

క్లుప్తంగా: ఇంగ్లీషు జాతీయాలను ఒక్క వరుస అర్థంతో బట్టీ పట్టడం మనకు అలవాటు. పరీక్షలో మార్కు తెచ్చుకోవడానికి అది చాలు, రాయడానికీ మాట్లాడటానికీ చాలదు. జాతీయానికి అర్థంతోపాటు మారని రూపం ఒకటి ఉంటుంది, పలికే సందర్భం ఉంటుంది, చెల్లే దేశం ఉంటుంది. ఎక్కువమందిని తప్పుదారి పట్టించేవి మాత్రం కుక్కలూ పిల్లులూ ఉన్న వింత జాతీయాలు కావు. తేలిక మాటల మధ్య కలిసిపోయి, జాతీయాలని తెలియనివ్వనివి.

‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం. పోటీ పరీక్షల గైడులో దాని ఎదురుగా ఉండేది ఈ ఒక్క మాటే. దాన్నే నమ్ముకుని, సహోద్యోగి తండ్రి పోయినప్పుడు పంపే సంతాప సందేశంలో ఈ జాతీయం వాడితే వ్యాకరణం ఎక్కడా తప్పదు. కానీ అది ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారని తెలిసి చాలా బాధపడ్డాను’ అని తెలుగులో రాసినట్టే ఉంటుంది. బాల్చీ తన్నేయడం ఆ ఇంగ్లీషు పలుకుబడికి అచ్చుగుద్దినట్టున్న తెలుగు రూపమే కాబట్టి ఈ పోలిక సరిగ్గా అతుకుతుంది.

కాలం చేశారు, పరమపదించారు, పోయారు, గుటుక్కుమన్నాడు, బాల్చీ తన్నేశాడు. అర్థం ఒకటే అయినా వీటిలో ఏది ఎవరి గురించి, ఎవరి ముందు అనాలో తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషు జాతీయాల విషయంలో లేనిది సరిగ్గా ఈ తెలివిడే. అర్థాల పట్టిక దాన్ని ఇవ్వదు.

పట్టికలు ఇంతగా పాతుకుపోవడానికి పరీక్షలు ఒక కారణం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల ఇంగ్లీషు సిలబస్‌లో ‘ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్’ ఒక అంశం. ఒక జాతీయాన్ని ఇచ్చి, కింద నాలుగు అర్థాలు ఇచ్చి, సరైనదాన్ని గుర్తించమంటారు. ఇది గుర్తుపట్టడాన్ని పరీక్షిస్తుంది. వాడటం వేరే పని.

## మాటల మొత్తానికీ అర్థానికీ మధ్య దూరం

జాతీయమంటే విడివిడి మాటల అర్థాలు కలిపితే వచ్చే అర్థం కాక, వేరే అర్థమిచ్చే పదబంధం. సామెతకూ దీనికీ తేడా సులువు. సామెత తనంతట తానే నిలబడే పూర్తి మాట, జాతీయం వాక్యంలో ఇమిడే ముక్క. ‘పొరుగింటి పుల్లకూర రుచి’ సామెత, ‘డొంకతిరుగుడు’ జాతీయం.

అయితే ఆ దూరం అన్ని జాతీయాలకూ ఒకేలా ఉండదు. ‘స్పిల్ ద బీన్స్’ అంటే గుట్టు బయటపెట్టడం. ఇక్కడ ‘స్పిల్’ను బయటపెట్టడంగానూ, ‘బీన్స్’ను రహస్యాలుగానూ విడదీసి చూడవచ్చు. ‘కిక్ ద బకెట్’ను అలా విడదీయలేం. చావులో తన్నడం ఏది, బకెట్ ఏది? ‘బై అండ్ లార్జ్’ (మొత్తమ్మీద అని అర్థం) అంతకన్నా మూసుకుపోయినది. అందులో వ్యాకరణం కూడా అంతుపట్టదు.

విడదీయగలిగిన జాతీయం వాక్యంలో కాస్త కదులుతుంది, విడదీయలేనిది బిగుసుకుపోతుంది. దీన్ని 1994లో జెఫ్రీ నన్‌బర్గ్, ఐవాన్ సాగ్, థామస్ వాసో అనే భాషాశాస్త్రవేత్తలు వివరంగా చర్చించారు. ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అని కర్మణి వాక్యం రాయవచ్చు. ‘పుల్ స్ట్రింగ్స్’, అంటే పలుకుబడి ఉపయోగించి పని చేయించుకోవడం, ‘స్ట్రింగ్స్ వర్ పుల్డ్’ అయినా చెల్లుతుంది. కానీ ‘ద బకెట్ వజ్ కిక్డ్’ అనగానే చావు మాయమై నిజం బకెట్ మిగులుతుంది. నెల రోజులుగా మృత్యువుతో పోరాడుతున్న మనిషిని ‘డైయింగ్’ అనవచ్చు, ‘కికింగ్ ద బకెట్’ అనడం కుదరదు. తన్నడం ఒక్క క్షణంలో అయిపోయే పని. అర్థం మారినా ఆ క్షణికత జాతీయాన్ని వదల్లేదు.

తెలుగువారు రూపాన్ని ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. మొదటిది ‘ద’, ‘ఎ’ అనే చిన్నమాటలు. తెలుగులో వీటికి సమానమైనవి లేవు కాబట్టి చెవి వాటిని వదిలేస్తుంది. ‘ఔట్ ఆఫ్ ద క్వశ్చన్’ అంటే అసలు కుదరని పని. అందులోంచి ‘ద’ తీసేస్తే అర్థం చెడుతుంది. ‘ఔట్ ఆఫ్ క్వశ్చన్’కు సందేహం లేనిది అనే అర్థం ఒకప్పటి ఇంగ్లీషులో ఉండేది, అంటే దాదాపు తలకిందులు.

రెండోది ఏకవచనం, బహువచనం. ఆట పట్టిస్తున్నారని చెప్పడానికి ‘పుల్లింగ్ మై లెగ్’ అనాలి, ‘లెగ్స్’ అనకూడదు. అదే జంకి వెనక్కి తగ్గడాన్ని చెప్పే ‘కోల్డ్ ఫీట్’ ఎప్పుడూ బహువచనమే. ఇందులో తర్కం వెతికి లాభం లేదు. రూపం అలా గడ్డకట్టింది, అంతే.

మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారు జాతీయాన్ని ముందు మాటమాటగా విడదీసుకుని, అర్థం కుదరక, తర్వాత అసలు అర్థానికి వస్తారా? డేవిడ్ స్విన్నీ, ఆన్ కట్లర్ 1979లో ప్రచురించిన ప్రయోగాల్లో పాల్గొన్నవారు పరిచయమైన జాతీయాలను మామూలు పదబంధాలకంటే వేగంగా గుర్తించారు. అంటే జాతీయం వారి బుర్రలో ఒక పెద్ద మాటలా మొత్తంగా నిలవ ఉంటుందన్నమాట. నేర్చుకునేవారు కూడా దాన్ని చుట్టూ ఉన్న వాక్యంతో సహా, ఒకే ముద్దగా దాచుకోవాలి.

## తేలిక మాటల్లో దాక్కున్నవి

‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (జోరువాన కురుస్తోందని అర్థం) చూడగానే ఇదేదో జాతీయమని చదివేవారు ఆగుతారు. ఆకాశం నుంచి కుక్కలు పడవు కాబట్టి నిఘంటువు తెరుస్తారు. ప్రమాదం అక్కడ లేదు. మామూలు మాటలతో కట్టిన జాతీయం వాక్యంలో అనుమానం రానివ్వదు. అక్షరాలా చదివినా ఏదో ఒక అర్థం వస్తుంది. ఆ అర్థం తప్పని పాఠకుడికి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

‘షి లెఫ్ట్ హైదరాబాద్ ఫర్ గుడ్’ అనే వాక్యాన్ని ‘మంచి కోసం హైదరాబాద్ వదిలింది’ అని అర్థం చేసుకునేవారు చాలామంది. ‘ఫర్ గుడ్’ అంటే శాశ్వతంగా, ఇక తిరిగిరాని విధంగా. వదిలిపోవడం మంచికా చెడుకా అన్న సంగతి ఆ వాక్యంలో లేనే లేదు.

‘ద వర్క్ ఈజ్ ఆల్ బట్ ఫినిష్డ్’ మరీ మోసం చేస్తుంది. ‘బట్’కు ‘తప్ప’ అనే అర్థం తెలిసినవారు ‘అన్నీ అయ్యాయి, పూర్తవడం తప్ప’ అని పొరబడతారు. ‘ఆల్ బట్’ అంటే దాదాపు. పని దాదాపు పూర్తయిందని వాక్యం చెబుతోంది. దాని పక్కనే ఉండే ‘ఎనీథింగ్ బట్’ అర్థం దీనికి ఎదురు. ‘హి ఈజ్ ఎనీథింగ్ బట్ హానెస్ట్’ అంటే అతనిలో నిజాయితీ ఏ కోశానా లేదని. ఒక్క మాట తేడాతో దాదాపు అవును కాస్తా ఎంతమాత్రమూ కాదు అయిపోయింది. ఒప్పంద పత్రాల్లోనో ఆఫీసు మెయిల్లోనో ఈ రెంటినీ తారుమారుగా చదివితే నష్టం చిన్నది కాదు.

‘నో లవ్ లాస్ట్ బిట్వీన్ దెమ్’ అన్నప్పుడు వారి మధ్య ప్రేమ తగ్గలేదనిపిస్తుంది. నేటి ఇంగ్లీషులో దాని అర్థం ఇద్దరికీ పడదని. పోగొట్టుకోవడానికి ప్రేమ ఉంటే కదా!

‘నైదర్ హియర్ నార్ దేర్’ను ‘ఇటూ కాదు అటూ కాదు’ అని రెంటికీ చెడ్డ రేవడికి వాడేస్తుంటారు. దాని అర్థం అది కాదు. ప్రస్తుత విషయంతో సంబంధం లేనిది, లెక్కలోకి రానిది అని. రేవడి అవస్థకు ఇంగ్లీషులో ‘ఫాల్ బిట్వీన్ టూ స్టూల్స్’ ఉంది. రెండు పీటల మధ్య కూలబడటం.

వార్తల్లో తరచూ కనిపించే ‘ఎట్ లార్జ్’ కూడా ఈ కోవలోదే. నిందితుడు ‘ఎట్ లార్జ్’ అంటే ఇంకా దొరకలేదు, బయటే తిరుగుతున్నాడు. ‘ద పబ్లిక్ ఎట్ లార్జ్’లో మాత్రం అదే మాటకు మొత్తం జనం అని అర్థం. ‘మే ఐ కమ్ ఇన్?’కు జవాబుగా వచ్చే ‘బై ఆల్ మీన్స్’ అన్ని విధాలుగానూ అని చెప్పడం లేదు, ‘నిరభ్యంతరంగా రండి’ అంటోంది.

## తెలుగు సమానార్థకాలు ఎంతవరకు పనికొస్తాయి?

కొన్ని జాతీయాలు రెండు భాషల్లోనూ ఒకే బొమ్మను చూపిస్తాయి. ‘ఫ్రమ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇంటు ద ఫైర్’ అచ్చంగా పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. మొసలి కన్నీరు, అందని ద్రాక్ష, ఒకే దెబ్బకు రెండు పిట్టలు కూడా అంతే. కోపాన్ని వేడిగా ఊహించడం కూడా రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. ఇంగ్లీషులో రక్తం మరుగుతుంది, తెలుగులో ఉడుకుతుంది. అందుకే ఇలాంటివి చెప్పకుండానే అర్థమవుతాయి.

మరికొన్నిటిలో బొమ్మ వేరైనా ఉద్దేశం ఒకటే. గుర్రం పారిపోయాక సాలకు తాళం వేయడమని ఇంగ్లీషు అంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుగు అంటుంది. ‘టీచ్ యువర్ గ్రాండ్‌మదర్ టు సక్ ఎగ్స్’కు తాతకు దగ్గులు నేర్పడం అన్నివిధాలా సాటి. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కు ‘ఏ అమావాస్యకో పున్నానికో’ సరిగ్గా సరిపోతుంది, లెక్క మాత్రం కుదరదు. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటున్నారు. అది 19 ఏళ్లలో దాదాపు 7 సార్లే వస్తుంది. మన అమావాస్యా పున్నమీ పదిహేను రోజులకోటి వచ్చేస్తాయి. అయినా రెండూ చెప్పేది అరుదుగా అనే. జాతీయాన్ని లెక్కగట్టి చదవకూడదనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

అసలు చిక్కు సగం మాత్రమే కలిసేవాటితో. ‘ద లాస్ట్ స్ట్రా’కు ‘మూలిగే నక్క మీద తాటిపండు’ అని రాస్తుంటారు. తాటిపండు కష్టానికి తోడు వచ్చిన మరో కష్టం. ‘లాస్ట్ స్ట్రా’ మాత్రం ఓపిక తెగే హద్దు. అప్పటికే బరువు మోస్తున్న ఒంటె నడుము విరగ్గొట్టిన ఆఖరి గడ్డిపోచ అది. దాని తర్వాత మనిషి ఉద్యోగం మానేస్తాడు, గొడవకు దిగుతాడు, ఏదో ఒకటి జరుగుతుంది. నక్క మూలుగుతూనే ఉంటుంది.

‘గెట్ కోల్డ్ ఫీట్’ను కాళ్లూ చేతులూ చల్లబడటంతో కలపడమూ ఇలాంటిదే. తెలుగులో అది చెడువార్త వినగానే పుట్టే భయం. ఇంగ్లీషులో ముందే ఒప్పుకున్న పని దగ్గరపడ్డాక, పెళ్లికో పెట్టుబడికో ముందురోజు, జంకి వెనక్కి తగ్గడం. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ సరదాగా ఆట పట్టించడం. మనవైపు కాళ్లు పట్టి లాగడమంటే పైకొస్తున్నవాడిని కిందికి లాగడం. ఒకదాంట్లో నవ్వు, రెండోదాంట్లో ఈర్ష్య. ‘ఐవాష్’కూ కంటితుడుపుకూ కూడా ఇదే తరహా తేడా. కంటితుడుపు బాధితుడికి నామమాత్రంగా చేసే ఊరడింపు, ‘ఐవాష్’ ఉత్త బూటకం.

బొమ్మ విలువే తలకిందులయ్యే సందర్భాలూ ఉన్నాయి. తెల్ల ఏనుగు అనగానే తెలుగు మనసులో ఐరావతం మెదులుతుంది. ‘వైట్ ఎలిఫెంట్’ మాత్రం పనికిరాకపోగా పోషణకు ఇల్లు గుల్ల చేసే ఆస్తి. సయాం (నేటి థాయ్‌లాండ్) రాజులు తమకు గిట్టని ఆస్థానికులకు తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చి, దాని మేతతోనే దివాలా తీయించేవారన్న కథ నుంచి ఆ అర్థం వచ్చింది. నేడు తెలుగు పత్రికలు దండగ ప్రాజెక్టును తెల్ల ఏనుగు అంటున్నాయి. కాబట్టి ఐరావతమూ ఇదీ ఒకే భాషలో పక్కపక్కనే బతుకుతున్నాయి.

పత్రికల అనువాదంలో పుట్టిన మరో గందరగోళం ‘బంతి కోర్టులో ఉంది’. ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’లో కోర్టు టెన్నిస్ ఆడే స్థలం. బంతి మీ వైపు ఉంది, ఇక కదలాల్సింది మీరే అని అర్థం. తెలుగులో కోర్టు అనగానే న్యాయస్థానమే గుర్తొస్తుంది. ‘బంతి ఇప్పుడు స్పీకర్ కోర్టులో’ అన్న శీర్షిక చదివి, కేసు పడిందేమో అనుకునేవారు లేకపోలేదు. ‘ఇక నిర్ణయం స్పీకర్‌దే’ అంటే పోయేదేమీ లేదు.

## పుట్టుక తెలిస్తే లాభం, కల్పిత కథతో నష్టం

చాలా జాతీయాలు ఒకప్పుడు ఏదో ఒక వృత్తిలో వాడిన నేరు మాటలే. ‘బై అండ్ లార్జ్’ తెరచాప ఓడలది. ‘బై’ అంటే గాలికి ఎదురుగా, ‘లార్జ్’ అంటే గాలి వెనక నుంచి వీస్తుండగా నడపడం. రెండు రకాలుగానూ నడిచే ఓడ మొత్తమ్మీద మంచి ఓడ. ఇది తెలిశాక ఆ జాతీయం మూసుకున్న తలుపులా కనిపించదు.

‘రీడ్ ద రయట్ యాక్ట్’ అంటే గట్టిగా మందలించి హెచ్చరించడం. చట్టాన్ని చదివి వినిపించడం మందలింపు ఎలా అయిందంటే, బ్రిటన్‌లో 1714లో చేసిన అల్లర్ల నిరోధక చట్టం ప్రకారం 12 మందికి తక్కువ కాకుండా గుమిగూడి గొడవ చేస్తుంటే అధికారి ఒక ప్రకటనను పైకి చదివేవాడు. విన్న తర్వాత గంటలోగా చెదిరిపోకపోతే అది ఘోర నేరం. అంటే చదవడమే ఆఖరి హెచ్చరిక. ఈ జాతీయం వాడే చోట అధికారం ఉన్న మనిషి, ఆగకపోతే శిక్ష ఉంటుందన్న సూచన రెండూ ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. స్నేహితుడి చిన్న విసుగుకు అది సరిపడదు.

కానీ పుట్టుక కథలన్నీ నమ్మదగినవి కావు. 1999లో ఈమెయిళ్లలో తిరిగిన ఒక పెద్ద సందేశం, 1500ల నాటి ఇంగ్లండ్ జీవితం పేరిట ఎన్నో కల్పనలను ప్రచారం చేసింది. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి పడేవి కాబట్టి ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ వచ్చిందట. బతికుండగా పాతిపెట్టినవారు శవపేటికలోంచి గంట మోగించేవారు కాబట్టి ‘సేవ్డ్ బై ద బెల్’ వచ్చిందట. మొదటిదాని పుట్టుక ఎవరూ తేల్చలేదు. రెండోది బాక్సింగ్ నుంచి వచ్చింది. ఓడిపోయేలోపు రౌండు ముగింపు గంట మోగి బయటపడటం.

‘బైట్ ద బుల్లెట్’ను 1857 నాటి సిపాయిల తూటాలతో ముడిపెట్టే కథ మన దేశంలో బాగా వినిపిస్తుంది. కొరడా దెబ్బలు తినే సైనికులు అరవకుండా తూటా నమిలేవారని ఫ్రాన్సిస్ గ్రోస్ తన వాడుకపదాల నిఘంటువులో 18వ శతాబ్దంలోనే రాశాడు. 1857కు చాలా ముందే ఉన్న అలవాటది. తప్పించుకోలేని బాధను పళ్లబిగువున భరించడం అనే నేటి అర్థం కూడా ఆ కొరడా దెబ్బలకే నప్పుతుంది. తప్పుడు కథ అర్థాన్ని తిరుగుబాటు వైపు లాక్కెళ్తుంది.

## దేశం మారితే అర్థం మారేవి

అమెరికాలో పనిచేసే తెలుగువారికి, అక్కడి కంపెనీలకు ఇక్కడి నుంచి పనిచేసేవారికి ఈ తేడా రోజూ ఎదురవుతుంది. అమెరికా ఆఫీసు ఇంగ్లీషు నిండా బేస్‌బాల్. ‘టచ్ బేస్’ అంటే ఓసారి మాట్లాడుకుందామని. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగితే ఉజ్జాయింపు లెక్క చెప్పమని. పైసలతో సహా కచ్చితమైన అంచనా కోసం రెండు రోజులు గడువు అడగడం అక్కడ పొరపాటు.

‘ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్’ అన్నది మరీ జాగ్రత్తగా వినాలి. వానకు బేస్‌బాల్ ఆట ఆగిపోతే మరోరోజు రావడానికి పనికొచ్చే టికెట్టు ముక్కను రెయిన్ చెక్ అనేవారు. భోజనానికి పిలిస్తే వచ్చే ఈ జవాబుకు ‘ఈసారికి రాలేను, మరోసారి చూద్దాం’ అని అర్థం. ‘టేక్’ విని ఒప్పుకున్నారనుకుంటే వడ్డించిన విస్తరి అలాగే ఉండిపోతుంది.

మనకు అలవాటైన క్రికెట్ మాటలు అటువైపు అంతే అయోమయం కలిగిస్తాయి. ‘స్టికీ వికెట్’ అంటే ఇబ్బందికర పరిస్థితి. పిచ్‌లకు కప్పు వేయని రోజుల్లో, వానకు తడిసి ఎండుతున్న నేల మీద బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు. డెట్రాయిట్ మేనేజరుకు ఇదంతా తెలియాల్సిన అవసరం లేదు.

ఒకే మాటకు ఎదురెదురు అర్థాలుండటం ఇంకా కష్టం. బ్రిటన్‌లోనూ మన పార్లమెంటులోనూ ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే సభ ముందుంచడం. అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ మాట మీదే చాలాసేపు వాదులాడుకున్నారనీ, చివరికి చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేననీ చర్చిల్ రాశారు.

‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2015’ అని బయోడేటాలో రాస్తే హైదరాబాద్‌లో డిగ్రీ పూర్తయినట్టు. డల్లాస్‌లో చదివినవారికి ఆ ఏడాది స్పృహ తప్పినట్టు. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి.

## తెలియని జాతీయం ఎదురైతే

నేరు అర్థం ఆ చోట పొసగుతోందా అని ముందు చూడాలి. పొసగకపోతే, లేదా పొసిగినట్టున్నా ముందూవెనకా వాక్యాలతో తగువు పడుతుంటే, అది జాతీయం కావచ్చు. తర్వాత వాక్యం పొగుడుతోందా తెగుడుతోందా అన్నది తేల్చుకోవాలి. సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

నిఘంటువులో వెతికేటప్పుడు మొదటి మాటను పట్టుకోవద్దు. ‘ద’, ‘ఇన్’, ‘బై’ కింద వెతికితే దొరకదు. ముఖ్యమైన నామవాచకం కింద, లేకపోతే క్రియ కింద చూడాలి. ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం చేసిన నిఘంటువుల్లో జాతీయాలను మాట అర్థాలన్నీ అయ్యాక చివర్లో విడిగా ఇస్తారు. అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే గుర్తులను చాలామంది దాటేస్తారు. అనధికారికం, పాతబడింది, బ్రిటిష్, ఉత్తర అమెరికా, హాస్యంగా అని చెప్పేవి అవే. ‘కిక్ ద బకెట్’ సంతాప సందేశంలోకి రాకుండా ఆపేది వాటిలో మొదటిది. ఉదాహరణ వాక్యంలో క్రియ ఏ కాలంలో ఉందో, ‘ద’ ఎక్కడుందో, ఖాళీలో మనిషి వస్తున్నాడా వస్తువు వస్తోందా అన్నదీ చూసి, ఆ వాక్యాన్నే పుస్తకంలో ఎక్కించుకోవాలి.

రాసేటప్పుడు అనుమానం ఉంటే జాతీయం మానేసి సాదా మాట రాయడంలో లోటేమీ లేదు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ హెవీలీ’ ఎవరికైనా తెలుస్తుంది. వాన జోరుకు ఇంగ్లండ్‌లో ఈ రోజుల్లో మామూలుగా వినిపించేది ‘పోరింగ్’. పిల్లులూ కుక్కలూ ఎక్కువగా కురిసేది పాఠ్యపుస్తకాల్లోనే.